యాత్రాస్మృతియు మైత్రియు
(మన సంఘపు వారాంతపు కూటమిలో చేసిన ప్రసంగము)



యాత్రలను గూర్చియు స్నేహితులను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరిరి. ఇది పండితులు మాత్రమే మాట్లాడదగిన విషయము కాదు. యాత్ర చేయని కుటుంబము గాని, స్నేహితుడు లేని మనుష్యుడు గాని మనలో లేరు. కావున మేము ఉపన్యాసము చేయబోము. ఒక నోటుపుస్తకము కథ చెప్పి, దానివలన మాకు జ్ఞప్తికి వచ్చిన మఱియొక పుస్తకపు కథ చెప్పి కూర్చుందుము.

పండ్రెండేండ్ల క్రిందట మేము నలుగురు మిత్రులము కలిసి కాశికి పోయితిమి. సెంట్రల్ స్టేషనులో రైలెక్కినది మొదలు ముగ్గురము చేతిఫోనులతో ఫోటోలు తీయుటలో మునిగితిమి. నాల్గవ మిత్రుడు మాత్రము గీతల నోటుపుస్తకమొకటి సంచిలో వేసికొని వచ్చి, ప్రతి రాత్రియు సత్రపు దీపము క్రింద కూర్చుండి ఏదో వ్రాయుచుండెను. "ఏమయ్యా, ఇంటి లెక్కలింకా తేలలేదా?" అని మేము పరిహాసమాడెడివారము. మఱియొక విషయమును గలదు. గంగాతీరమున మెట్లు దిగునప్పుడెల్ల అతడు మాకు ముందే నడచుచుండెను. మా మోకాళ్ళు అప్పటికే మొఱపెట్టుచుండెను. "నీకింత తొందర యేల? గంగ యెక్కడికిని పోదు" అని ఒకమాఱు కసరితిమి కూడ. అతడు నవ్వి యూరకుండెను.

తిరిగివచ్చిన రెండేండ్లకు మా ఫోను పాడైనది. ఫోటోలన్నియు దానితోడనే పోయినవి. మిగిలిన ఇద్దఱి ఫోటోలు వేలకొలది కలవు గాని, వానిని తెఱచి చూచినవారు లేరు. వ్రాసిన మిత్రుడు గత సంవత్సరము స్వర్గస్థుడయ్యెను. రెండు నెలల క్రిందట అతని మనుమడు ఆ నోటుపుస్తకమును చేతబట్టుకొని మా యింటికి వచ్చెను.

"తాతా, ఇది మా తాతయ్య రాసింది. ఇందులో మీ పేరుంటుందని అవ్వ చెప్పింది. అవ్వకు కళ్ళు సరిగా కనపడవు. నాకు తెలుగు మాట్లాడను వస్తుంది గాని చదవను రాదు. మీరు చదివి చెప్తారా?" అని అడిగెను.

ఆ పుస్తకమున ఏమి యున్నదో చివర మనవి చేసెదము. దానిని తెఱచిన రాత్రి మాకు స్ఫురించిన ఒక మహనీయుని గూర్చి ముందు చెప్పవలెను. ఆయన మన చెన్నపట్నము వారే. ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు చెన్నపట్నము సుప్రీము కోర్టులో దుబాసీ ఉద్యోగము చేసినవారు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీ, మంగళవారము రాత్రి తొమ్మిది గంటలకు పట్టణము విడిచి, తండయారుపేటలోని తమ తోట చేరి, అచ్చటినుండి కాశీయాత్రకు బయలుదేరిరి. వెంట సుమారు నూరుమంది పరివారము, పల్లకీ మోయు బోయీలు, డేరాలు. రాయపురమునుండి తొలి రైలుబండి కదలినది 1856లో గదా! ఆయన నాటికి దారియనగా అడవియు, ఏఱును, బోయీల భుజములును మాత్రమే. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగకును కాశికిని పోయి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథము చూచుకొని, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు దారిని 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల చెన్నపట్నము చేరిరి. పదునైదు నెలలకు పైబడిన యాత్ర యది.

ఆ కాలమున కాశికి పోయి వచ్చినవారు మఱికొందఱును కలరు. వారి పేరులు మనకేల తెలియవు? వీరాస్వామయ్యగారి పేరేల తెలిసినది? ఆయనకొక స్నేహితుడుండుటవలన. ఆ స్నేహితుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళెగారు. కూవము నది చెంత నేటికిని కోమలేశ్వరన్‌పేట యని పిలువబడుచున్న భాగము మీరెఱుగుదురు. పేరులను బట్టియే వారిద్దఱును వేర్వేరు కులములవారని తెలియుచున్నది. అది వారి మైత్రికి అడ్డు రాలేదు. పిళ్ళెగారి కోరిక మీద వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి తాము చూచినదెల్ల వ్రాసి ఆయనకు పంపుచు వచ్చిరి. ఏ యూరికి ఏ యూరు ఎంత దూరము, ఎచ్చట మంచినీళ్ళు దొరకును, అంగళ్ళు కలవా, దిగుటకు చోటున్నదా, ఏఱు దాటుట యెట్లు, ఏ దేశమున జనుల ఆచారమెట్టిది, సుంకములెట్లు వసూలు చేయుదురు, ఇవన్నియు అందుండును.

వీరాస్వామయ్యగారు 1836లో కాలధర్మము నొందిరి. పిళ్ళెగారు ఆ వ్రాతలను పారవేయలేదు. పెట్టెలో పెట్టి మఱచిపోలేదు. 1838లో "కాశీయాత్ర చరిత్ర" యను పేర అచ్చొత్తించి, మిత్రుని జీవిత విశేషములను కూడ దానికి చేర్చిరి. ఫోటో తీయు విద్య లోకమునకు ప్రకటితమగుటకు అది ఒక యేడు ముందు. 1869లో మరల అచ్చయినది. 1941లో బెజవాడ న్యాయవాదియు చరిత్రకారుడునగు దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. తెలుగున యాత్రాచరిత్రలనగానే నేడు పండితులు ముందుగా చెప్పు పుస్తకమిదియే. దీనికి మూలమేమి? స్నేహితునికి పంపిన వ్రాతలు, స్నేహితుడు దాచిన వ్రాతలు. ఒకరు వ్రాయుట సగము, మఱియొకరు దాచుట సగము. మైత్రి యనగా ఇదియే యని మాకు తోచును.

ఇందు మనము నేర్చుకొనవలసినవి రెండు గలవు.

మొదటిది, ఎవరికి వ్రాయవలెననునది. లోకమునకెల్ల వ్రాయబూనినవాడు కలము పట్టగనే బిగిసికొని, వర్ణనలు వెదకును. ఒక్క స్నేహితునికి వ్రాయువాడు మంచినీళ్ళ బావి యెచ్చటనున్నదో చెప్పును. కాలికి తగిలిన ఱాయి సంగతి చెప్పును. నూఱేండ్లు గడచిన పిమ్మట వర్ణనలు పాతబడును. బావియు ఱాయియు నిలుచును. మీరు యాత్రకు పోవునప్పుడు రాలేకపోయిన ఒక్కరిని మనస్సున నిలుపుకొని వ్రాయుడు. కాలు కదపలేని అక్కకో, సెలవు దొరకని మిత్రునికో వ్రాయుడు. పోస్టుకార్డు నేటికిని దొరకును.

రెండవది, ఎట్టి తెలుగున వ్రాయవలెననునది. వీరాస్వామయ్యగారు వ్రాసినది కావ్యభాష కాదు. నాటి చెన్నపట్నమున పలుకుచుండిన తెలుగు. అందు అరవమాటలు, హిందూస్తానీ మాటలు, కచేరీ మాటలు కలిసియుండును. గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాషకై ఉద్యమించుటకు ఎన్నో దశాబ్దముల ముందటి మాట యిది. మనము కృష్ణా గోదావరీ తీరములకు పోయినప్పుడు మన మాట విని బంధువులు ముసిముసి నవ్వులు నవ్వుట కలదు. "మాది అరవ తెలుగు, మేమేమి వ్రాయగలము" అని మనవారనేకులు కలమే ముట్టరు. సోదరులారా, ఆ తెలుగుననే యింత గొప్ప యాత్రాచరిత్ర పుట్టినది. సిగ్గుపడవలసిన పని లేదు. ఈ మాటను మేము గ్రాంథికమున చెప్పుచున్నామని మీరు నవ్వుదురేమో; వేదిక యెక్కినంతనే పాత అలవాటు వదలకున్నది, మన్నింపుడు.

స్త్రీలకును ఇందు దారి చూపినవారు కలరు. మన చెన్నపట్నము నుండియే పోతం జానకమ్మగారు 1873లో ఇంగ్లండునకు పోయి వచ్చిరి. తెలుగున వ్రాసిన ఆమె యాత్రావృత్తాంతమునకు ఆంగ్లానువాదము 1876లో ఈ పట్టణముననే అచ్చయినది. నూటయేబది యేండ్ల క్రిందట ఆమెకు వీలైన పని నేటి మన ఆడపడుచులకు వీలుకాదా?

ఇక ఇంటింట చేయదగినవి కొన్ని సూచించెదము. వీనికి ధనమక్కఱలేదు.

మన పూజాగదులలో కాశినుండి తెచ్చిన గంగచెంబులున్నవి. మూతికి లక్కవేసి యుండును. ఎవరు తెచ్చిరి, ఏ యేట తెచ్చిరి, వెంట నెవరు పోయిరి అని అడిగిన చెప్పువారుండరు. చెంబు అడుగున ఒక కాగితపు ముక్క అంటించి సంవత్సరమును, తోడు వచ్చినవారి పేరులును వ్రాసిన చాలును.

నలుగురు కలిసి పోవునప్పుడు ఒక్క నోటుపుస్తకము తీసికొని పోవుడు. దినమున కొకరు వంతున వ్రాయుడు. ఒకరికి కనబడనిది మఱియొకరికి కనబడును. ఒకరు గోపురము చూతురు. ఒకరు గోపురము నీడన ఇడ్లీలమ్ము అవ్వను చూతురు. రెండును కావలసినవే. వెనుక పుటలలో రైలు టిక్కెట్టు, సత్రపు రసీదు, గుడిలో ఇచ్చిన కుంకుమపొట్లపు కాగితము అంటించుడు. పిల్లలుండిన, దారి పొడవున వచ్చిన యూళ్ళను గీతగీసి గుర్తింపుమనుడు.

తిరిగివచ్చి కాశీ సమారాధన చేయునప్పుడు, విస్తళ్ళు వేయుటకు ముందు ఆ పుస్తకమునుండి రెండు పుటలు చదువుడు. కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు గోపబాలునకు మజిలీకొక కథ చెప్పుచు కాశికి తీసికొనిపోవును గదా! కథ లేని మజిలీ వట్టి నడకయే యని ఆ కథలు కూర్చిన మధిర సుబ్బన్న దీక్షితులవారు ఎఱుగుదురు.

వ్రాయలేని పెద్దలున్నచో ఫోనులో వారి గొంతు పట్టి యుంచుడు. మేము ఫోనును నిందించుటకు రాలేదు. ఫోటో ముఖమును చూపును. ఆ ముఖము వెనుకనున్న మాటను పలికించుటకు మనమే పూనుకొనవలెను.

ఇప్పుడు కొంచెము కష్టమైన సంగతి చెప్పవలసియున్నది. వ్రాసితిమి, దాచితిమి; చదువువారెవరు? 2006లో తమిళ బోధనా చట్టము వెలువడినది మొదలు పాఠశాలలలో తమిళము తప్పనిసరి యైనది. తెలుగును మొదటి భాషగా తీసికొనుటకుండిన దారి సన్నగిల్లినది. తమిళము మనకు అన్నము పెట్టిన నేల భాష. అది మన పిల్లలకు బాగుగా రావలెను, వచ్చుచున్నది, సంతోషము. కాని తెలుగు మాటలాడు బిడ్డ తాత చేతివ్రాతను తలక్రిందులుగా పట్టుకొని నిలుచుండుట చూచినప్పుడు మాకు కలిగిన బాధ యింతింత కాదు. ఇందులో తప్పు చట్టమునది మాత్రమే కాదు. ఇంటిలో మనము చెప్పియుండవచ్చును, చెప్పలేదు. మా మనుమలకు మేమే చెప్పలేదు.

కావున మాదొక ప్రార్థన. ఆదివారము ఉదయము ఒక గంట ఈ హాలులో కూడుదము. ప్రతి కుటుంబము తమ యింటి పెట్టెలోని ఒక పాత ఉత్తరమో, యాత్ర పుస్తకమో తేవలెను. వాచకమునకు బదులు దానితోనే పిల్లలకు అక్షరములు నేర్పుదము. "అ అమ్మ" యని మొదలుపెట్టిన విసుగుకొను బిడ్డ, "అ అంటే మా అవ్వ పేరులో అక్షరము" అనిన చెవియొగ్గును.

ఇక మొదట దాచిన మాట. మిత్రుని నోటుపుస్తకమున ముప్పది రెండు పుటలున్నవి. రైలులో ఎవరు గుఱక పెట్టిరో కలదు. కాశిలో ఇష్టమైనదానిని విడువవలెను గదా, మేము కాకరకాయ విడిచితిమనియు, అది మాకెన్నడును ఇష్టము లేదని గంగమ్మకును తెలియుననియు కలదు. చదువుచు మేమును ఆ పిల్లవాడును చాలసేపు నవ్వితిమి. పదునేడవ పుటలో మా పేరు మరల వచ్చినది. అతని మాటలనే చెప్పుచున్నాము.

"వీడికి మోకాళ్ళు నొప్పి. చెయ్యి పట్టుకుంటానంటే ఒప్పుకోడు, రోషం. అందుకని రోజూ వాడికంటె ఒక మెట్టు ముందు నడుస్తున్నాను. జారితే నా మీద పడతాడు."

మేము పండ్రెండేండ్లు అతనిని తొందరపాటు మనిషి యనుకొంటిమి. మా ఫోనులోని ఫోటోలన్నియు నిలిచియుండినను, అతని వీపు మాత్రమే కనబడియుండును. అది మాకై ముందు నిలిచిన వీపని తెలిసియుండదు. కృతజ్ఞత చెప్పుటకు ఇప్పుడతడు లేడు.

ఆ పిల్లవాడు ఎనిమిది ఆదివారములుగా మా యింటికి వచ్చుచున్నాడు. గుణింతములు ముగిసినవి, ఒత్తులు జరుగుచున్నవి. నిన్న ఆ పదునేడవ పుటను తానే కూడబలుకుకొని చదివెను. "మెట్టు" దగ్గఱ ఆగి, టకారపు ఒత్తు సరిచూచుకొని, మరల చదివెను.

వచ్చే ఆదివారము మీరును మీ యిండ్లనుండి ఒక్కొక్క పుస్తకము తెండు.