నీలం పెట్టెలో కాలయానం

బ్రిటన్‌లో బీబీసీ 1963 నవంబర్ 23న ‘డాక్టర్ హూ’ సీరియల్ మొదలుపెట్టింది. ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. ఆ వార్తల హడావిడిలో మొదటి భాగం మరుగున పడింది. అందుకే వారం తర్వాత, రెండో భాగానికి ముందు, మొదటిదాన్ని మళ్లీ వేశారు.

కథానాయకుడు వేరే గ్రహంవాడు. అతని కాలనౌక టార్డిస్ బయటికి నీలిరంగు పోలీసు టెలిఫోన్ పెట్టె. తలుపు తీస్తే లోపల పెద్ద హాలు. అది బయల్దేరేటప్పుడు వచ్చే గరగర శబ్దం కోసం పియానో తీగల మీద ఇంటి తాళంచెవి గీసి, ఆ రికార్డింగును మార్చారు. ఖర్చు తక్కువే, పనితనం మాత్రం గట్టిది.

1966లో నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతినడంతో, నాయకుడు రూపం మార్చుకుంటాడని కథలోనే చూపించి పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. సీరియల్‌ను దశాబ్దాలు నిలబెట్టింది ఈ ఉపాయమే. అయితే బీబీసీ టేపులు చెరిపేయడంతో అరవైల నాటి భాగాలు చాలా పోయాయి. 1989లో ఆగిన సీరియల్ 2005లో తిరిగొచ్చింది. 2017లో నాయకుడి పాత్రకు తొలిసారి ఒక నటి, జోడీ విటేకర్, ఎంపికైంది.