సంఘ భవనం కట్టేటప్పుడే బీమా
(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడిగేదెకు బీమా చేయించడం మనకు కొత్త కాదు. చెవికి పోగు వేయించి, డాక్టరుగారి సర్టిఫికెట్టు తెచ్చి ప్రీమియం కడుతున్నాము. కాని అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన సంఘ భవనం కట్టేటప్పుడు ఆ సంగతే మరచిపోతున్నాము. "పూర్తయ్యాక చూద్దాం లెండి" అంటున్నాము. ప్రమాదం అంతవరకు ఆగుతుందా? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకుని రాలేదు.

ఇలా అనుకోండి. స్లాబు వేసిన మరునాటి రాత్రి గాలివాన వచ్చింది. సెంట్రింగు కూలింది. సిమెంటు బస్తాలు తడిసి గడ్డకట్టాయి. "బిల్లు ఇవ్వండి" అని కాంట్రాక్టరు, "భవనం అప్పగించలేదు గదా" అని మనము. ఈ తగవులో చివరకు ఖర్చయ్యేది సభ్యుల పాల డబ్బే.

దీనికే 'కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్' అనే పాలసీ ఉన్నది. కట్టుబడి పనికి, స్థలంలో ఉన్న సామానుకు అగ్ని, వరద, తుఫాను, దొంగతనం, కూలిపోవడం వంటి వాటివల్ల కలిగే నష్టానికి ఇది వర్తిస్తుంది. పని కారణంగా పొరుగువారికి దెబ్బ తగిలినా, వారి గోడ కూలినా బాధ్యత వహించే భాగం కూడా ఇందులో ఉంటుంది. పాలసీ సంఘం, కాంట్రాక్టరు ఇద్దరి పేర్లతోనూ ఉండాలి.

పేరులో 'ఆల్' ఉన్నదని అన్నీ వస్తాయనుకోవద్దు. ప్లానులోని లోపం, నాసిరకం సామాను మార్చే ఖర్చు, తుప్పు, లెక్క తేలని సామాను, పని ఆలస్యమైనందుకు పడే జరిమానా ఇందులో రావు. పనివారికి దెబ్బ తగిలితే దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ప్రతి క్లెయిములోనూ కొంత మొత్తం మనమే భరించవలసి ఉంటుంది. ఆ మొత్తం ఎంతో ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కువమంది పొరబడేది విలువ దగ్గర. కాంట్రాక్టు 12 లక్షలు. సిమెంటు, ఇనుము సంఘమే 8 లక్షలకు కొన్నది. అసలు విలువ 20 లక్షలు. పాలసీ 12 లక్షలకే తీసుకుంటే, 2 లక్షల నష్టానికి లెక్కకు వచ్చేది 1,20,000 రూపాయలే. అందులో మన వంతు కూడా తగ్గిస్తారు. ధరలు పెరిగి అంచనా మారినప్పుడు కంపెనీకి తెలిపి మొత్తం పెంచుకోవాలి.

కనుక అధ్యక్షులకు, కార్యదర్శులకు నా మనవి ఇది. బీమా ఎవరు చేయించాలో, ప్రీమియం ఎవరు కట్టాలో ఒప్పందంలోనే వ్రాయించండి. మొదటి లోడు సామాను దిగకముందే పాలసీ చేతికి రావాలి. సామాను రిజిస్టరు, బిల్లులు స్థలంలో కాక సంఘం బీరువాలో భద్రపరచండి. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి వ్రాసి, ఫోటోలు తీయించండి. మిగిలినది పాడుకాకుండా కాపాడండి. సర్వేయరు చూడకముందే శిథిలాలు ఎత్తివేయకండి. దొంగతనమైతే పోలీసు రిపోర్టు తప్పనిసరి. పని మధ్యలో ఆగినా, గడువు దాటుతున్నా ముందుగానే తెలిపి పొడిగించుకోండి.

భవనం అప్పగించుకున్న నాటితో, లేక వాడుకలోకి తెచ్చిన నాటితో ఈ రక్షణ ముగుస్తుంది. ఆనాటి నుండే అగ్నిబీమా ఉండాలి. పాలు పోసే ప్రతి సభ్యుడూ ఈసారి మహాజన సభలో "బీమా పత్రం ఎక్కడ?" అని అడగాలి. ఆ ప్రశ్నకు కార్యదర్శి కాగితం తీసి చూపగలిగితే మన డబ్బు భద్రమన్న మాట.