ఒకసారి రాత – పదిసార్లు అచ్చు

(అమలాపురంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు సహాయంతో జాబితాలు, కరదీపికలు, రెండు మూడు భాషల పుస్తకాలు ఎలా తయారవుతాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. రెవెన్యూ శాఖలో నా సర్వీసంతా జాబితాలతోనే గడిచింది. పదవీ విరమణ తర్వాత మా చిన్నవాడి డీటీపీ సెంటరులో కూర్చుని ప్రూఫులు చూడడం అలవాటైంది. ఈ రెండే నా అర్హతలు. "ఈ వయసులో మనకీ గొడవ ఎందుకండీ" అని కొందరు అనుకోవచ్చు. మన సభ్యుల డైరెక్టరీ, కుటుంబ పెన్షన్ కరదీపిక కొత్తగా వేయాలన్న ప్రతిపాదన ఈ సమావేశం ముందున్నది. దానిని ఏ పద్ధతిలో వేయాలో నిర్ణయించవలసినది మనమే. అందుకని మనవి చేస్తున్నాను.

ముందుగా మీ జేబులోని నోటు ఒకటి తీసి చూడండి. హిందీ, ఇంగ్లీషులు కాక ఒక పక్కన పదిహేను భాషలలో దాని విలువ రాసి ఉంటుంది. కింది నుంచి రెండవ వరుస మన తెలుగు. విషయం ఒక్కటే, భాషలు పదిహేడు. నోటు మీద రాసే మాట మారదు కాబట్టి ఒకసారి సరిచూసుకుంటే చాలు. మారే విషయమైతే ఏం చేయాలన్నదే చిక్కు.

మన రోజులలో ఈ చిక్కు ఎలా ఉండేదో మీకు తెలియనిది కాదు. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మిషను తిప్పి, చేతులకు సిరా అంటించుకుని జాబితాలు తీశాం. అచ్చు కావాలంటే ప్రెస్సుకు పంపేవాళ్లం. అక్కడ కంపోజిటరు అక్షరం వెనుక అక్షరం పేర్చేవాడు. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి అక్షరాలు యాభై రెండు. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిసి కేసుల నిండా సీసపు ముక్కలే. జాబితాలో ఒక పేరు చేర్చితే కింది వరుసలన్నీ జరపాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఎన్ని రిజిస్టర్లు తిరగరాశామో మనలో కొందరికి ఇంకా గుర్తుండే ఉంటుంది.

అదే 1985లో అమెరికాలో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది. తర్వాత మన ఊళ్లలోనూ డీటీపీ సెంటర్లు వెలిశాయి. సీసపు ముక్కలు పోయాయి. కానీ పని పద్ధతి మారలేదు. కంపోజిటరు చేతితో పేర్చినదే ఆపరేటరు తెర మీద పేర్చాడు. పేరు మారితే పేజీ వెతికి దిద్దాలి. తెలుగు పుస్తకంలో దిద్దిన తప్పు ఇంగ్లీషు పుస్తకంలో అలాగే ఉండిపోయేది.

అసలు మార్పు ఇంకొకటి. విషయాన్నీ, దాని రూపాన్నీ విడదీయడం. పేర్లు, తేదీలు, అంకెలు ఒక పట్టికలో ఉంటాయి. పేజీ ఎలా ఉండాలో, ఏ గడిలోది ఎక్కడ పడాలో, ఏ అక్షరం ఎంత సైజో చెప్పే నమూనా వేరుగా ఉంటుంది. మిషను రెంటినీ కలిపి పేజీలు తీస్తుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఖాళీ ప్రొఫార్మా ఒకటి, రిజిస్టరు ఒకటి. గుమాస్తా రిజిస్టరు చూసి వెయ్యి ప్రొఫార్మాలు నింపినట్టే, అలసిపోకుండా నింపుతుంది. రిజిస్టరులో ఒకచోట దిద్దితే మళ్లీ తీసిన కాగితాలన్నింటిలోనూ దిద్దుబాటు పడుతుంది.

దీనికి మన ఇంటి ఉదాహరణ చెబుతాను. 2022 ఏప్రిల్ 4న మన కోనసీమ, అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయింది. అదే సంవత్సరం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు వచ్చింది. అప్పటిదాకా మన చిరునామాలన్నింటి చివర తూర్పు గోదావరి జిల్లా. పాత పద్ధతిలో వేసిన డైరెక్టరీ అయితే ప్రతి పేరు కిందా కొట్టివేసి రాయాలి. పట్టిక పద్ధతిలో జిల్లా పేరు ఒక్క చోట మారిస్తే సరిపోతుంది.

వ్యాపారులకూ ఇదే అక్కర. గోదావరికి ఆవల కడియం నర్సరీలు చూడండి. ఒకే మొక్కకు తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం ఉంటాయి. ధర మాత్రం మారుతూ ఉంటుంది. పై రాష్ట్రాల కొనుగోలుదారులకు వాళ్ల భాషలో ధరల కేటలాగు పంపాలంటే, ధర ఒకచోట ఉండి భాష మాత్రమే మారే పద్ధతి ఎంత సుఖమో ఆలోచించండి.

ఇది ప్రాణాలు కాపాడే పనికి కూడా వస్తుంది. కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలే. అక్కడ 1977 నుంచే వాతావరణ సూచనలను ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి కంప్యూటరు మార్చేది. ఆ వ్యవస్థ పేరు మెటియో. గాలి, వాన, చలి – వాక్యాలు కొన్నే, మాటలు కొన్నే, అంకెలు మాత్రం రోజూ వేరు. అందుకే మిషనుకు అది సాధ్యమైంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లం మనం. కొబ్బరి తోటలు నేలమట్టమైన ఆ రాత్రి మరచిపోలేం. హెచ్చరిక మన భాషలో, మనకు అర్థమయ్యే మాటలో, వేళకు అందడం ఎంత ముఖ్యమో కోనసీమవారికి ఒకరు చెప్పనక్కర లేదు.

ఇక తెలుగుకు వచ్చిన ప్రత్యేకమైన కష్టాలు. మొదటిది సంకేతాల గొడవ. డీటీపీ తొలి రోజులలో ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలకు ఒక్కో సంకేతం పెట్టుకుంది. ఒకచోట కొట్టిన తెలుగు మరొకచోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ అనే ప్రమాణం వచ్చింది. అదే సంవత్సరం యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది. అయినా సామాన్యుడి చేతికి రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాల ఫాంటు చేర్చారు. దాని పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరే! ఇప్పుడు యూనికోడ్‌లో కొట్టిన తెలుగు అమలాపురంలోనైనా అమెరికాలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. మన పట్టిక యూనికోడ్‌లోనే ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

రెండవది వత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడి మీద పడుతుంది. కాబట్టి ఇంగ్లీషు నమూనాలోనే తెలుగు పోయరాదు. తెలుగుకు నమూనా వేరుగా చేయాలి. మన లిపి పెద్ద కంపెనీలకూ చెమటలు పట్టించింది సుమండీ. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" వంటి ఒక తెలుగు అక్షరం కనిపిస్తే చాలు, ఐఫోన్లలో సందేశాలు చూపే అప్లికేషన్లు కూలిపోయాయి. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

మూడవది పేర్ల సమస్య. పెన్షనర్లకు అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. హిందీ, తెలుగు లిపులు ఒక కుదురులోవి కాబట్టి హిందీ అక్షరాల నుంచి తెలుగు అక్షరాలకు మార్చడం మిషనుకు చాలావరకు తేలిక. ఇంగ్లీషు నుంచి మార్చడం అలా కాదు. ఆర్, ఏ, ఎం, ఏ అని ఉంటే అది రమా, రామా, రాముడా? సత్యవతి అనే పేరు తీసుకోండి. మనం ఇంగ్లీషులో చివర టీ, హెచ్, ఐ అని రాస్తాం. ఆ హెచ్‌ను చూసి మిషను "సత్యవథి" అని వేసే ప్రమాదం ఉంది. పెన్షన్ ఉత్తర్వులో ఒక రకంగా, ఆధార్ కార్డులో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో మరొక రకంగా ఉంటే ముగ్గురు మనుషులైనట్టే.

మన సభ్యులొకరు కాలం చేసినప్పుడు ఆయన భార్యకు ఇదే జరిగింది. పేర్లు చెప్పను. ఆవిడ పేరులో ఒక్క అక్షరం తేడా. ఒక ఆఫీసువారు ఇంకొక ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడివారు అఫిడవిట్ తెమ్మన్నారు. కుటుంబ పెన్షన్ మంజూరు కావడానికి నెలలు పట్టింది. ఆ నెలలలో మందులకు ఆవిడ పక్కింటివారి దగ్గర చేయి చాపింది. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కొలువు చేసిన మనిషి ఇల్లాలు! ఆయన బ్రతికి ఉండగా మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఒక పూటలో బయటపడే తేడా అది.

నాలుగవది అనువాదం. ఇప్పుడు మిషన్లు తెలుగులోకి బాగానే అనువదిస్తున్నాయి. అయితే మన పెన్షన్ మాటలు ప్రత్యేకమైనవి. "డియర్‌నెస్ రిలీఫ్"ను మాటకు మాట మార్చితే ప్రియమైన ఉపశమనమో మరేదో అవుతుంది. మనకు అది కరువు భృతి. "కమ్యుటేషన్" అంటే రోజూ బస్సెక్కి పోయి రావడం కాదు కదా! అందుకని ముందుగా ఒక మాటల పట్టీ రాసుకోవాలి. ఈ ఇంగ్లీషు మాటకు ఈ తెలుగు మాటే అని ఖాయం చేయాలి. పుస్తకమంతా అదే వాడాలి. పెద్ద కంపెనీల కరదీపికలు తయారుచేసేవారూ ఇలాగే చేస్తారు.

ఇక మన డైరెక్టరీ, కరదీపికల గురించి నా సూచనలు.

ఒకటి. సభ్యునికి ఒక వరుస చొప్పున ఒకే పట్టిక పెడదాం. పేరు తెలుగులో ఒక గడి, పెన్షన్ ఉత్తర్వులో ఉన్నట్టు ఇంగ్లీషులో ఒక గడి, ఆధార్‌లో ఉన్నట్టు మరొక గడి. భర్త లేక భార్య పేరుకూ అలాగే మూడు గడులు. తేడా ఉన్న వరుసలను మిషనే గుర్తు పెట్టి చూపిస్తుంది. పుస్తకం అచ్చు కాకముందే ఎవరికి దిద్దుబాటు కావాలో తెలిసిపోతుంది. నా మట్టుకు డైరెక్టరీ కంటే ఇదే పెద్ద లాభం.

రెండు. ఆ పట్టిక నుంచి మూడు రకాల అచ్చులు తీద్దాం. పెద్ద అక్షరాలతో తెలుగు డైరెక్టరీ, దూరదేశాల పిల్లల కోసం ఇంగ్లీషు ప్రతి, ఇంటింటికీ ఒక విడి కాగితం. తెలుగు ప్రతి అకారాది క్రమంలో, ఇంగ్లీషు ప్రతి వాళ్ల అక్షర క్రమంలో వేరువేరుగా పేర్చుకోవాలి.

మూడు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు డైరెక్టరీలో వేయవద్దు. మోసగాళ్ల కాలం. అవి ఆ విడి కాగితంలోనే, ఎవరి కాగితం వారికే. అందులో పెన్షన్ ఉత్తర్వు నంబరు, ఏ ఖజానా కార్యాలయమో, మనిషి పోతే ఏ కాగితాలు ఎవరికి ఇవ్వాలో తెలుగులో ఉండాలి. అది మన కోసం కాదు, మన వెనుక మిగిలేవారి కోసం.

నాలుగు. ప్రతి వరుసనూ ఆ సభ్యుడే చదివి సంతకం పెట్టాలి. మిషను పది అచ్చులు తీస్తుంది. పట్టికలో తప్పు ఉంటే పదింటిలోనూ తప్పే వేస్తుంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుబాటు అన్నది ఎంత నిజమో, ఒకచోట తప్పితే అన్నిచోట్లా తప్పన్నదీ అంతే నిజం. మిషను అక్షరాలు పేర్చగలదు గాని ఆవిడ పేరు సత్యవతో కాదో దానికి తెలియదు. అది తెలిసినవాళ్లం మనమే.

ఖర్చు గురించి భయం వద్దు. లిబ్రాఫీస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. పట్టికనూ నమూనానూ కలిపే సదుపాయం అందులో ఉంది, తెలుగు పనిచేస్తుంది. ప్రెస్సువారు ఇన్‌డిజైన్ వాడితే అందులోనూ ఉంది. మన ఇళ్లలో చదువుకున్న మనవలు, మనవరాళ్లు ఉన్నారు. వాళ్లు పట్టిక నింపుతారు, మనం ప్రూఫు చూద్దాం. అమలాపురం, రాజోలు, కొత్తపేట శాఖలు తలా ఇద్దరిని ఈ పనికి ఇస్తే బాగుంటుంది. నేను ప్రూఫులకు సిద్ధం.

ఇంటికి వెళ్లగానే ఆ మూడు కాగితాలూ తీసి, దంపతులిద్దరూ కూర్చుని పేర్లు సరిచూసుకోవలసిందిగా కోరుతున్నాను.