కొండ మీద మకాం
(బుక్కపట్నంలో సేవాలాల్ జయంతి సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన మన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిందని మనందరికీ తెలుసు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. 2019లో ఆమె దక్షిణ అమెరికాలోని ఆకొంకాగువా కూడా ఎక్కింది. ఈ రోజు మేము మాట్లాడాలనుకున్నది ఆ కొండ గురించి.

అర్జెంటీనాలో ఉన్న ఆ శిఖరం ఎత్తు 6,961 మీటర్లు. ఒకప్పుడు ఇంకా సామ్రాజ్యం అక్కడిదాకా ఉండేది. 1985లో ఆ కొండ మీద సుమారు 5,300 మీటర్ల ఎత్తున, రాతిగోడల నడుమ, ఇంకాల కాలం నాటి ఒక బాలుడి దేహం బయటపడింది. తాళ్లు, బూట్లు, గుడారాలు అమ్మే కంపెనీలు పుట్టక ముందే మనుషులు అంత ఎత్తుకు చేరారన్నమాట.

అక్కడ రాత్రి ఉండడం తేలిక కాదు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దానిలో సగమే. అందుకే ఎక్కేవాళ్లు సామాను పై మకాంకు మోసి, మళ్లీ కిందికి దిగి పడుకుంటారు. ఒంటికి అలవాటయ్యాకే మకాం పైకి మారుస్తారు. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి పోరు. తగ్గకపోతే దిగివస్తారు.

మకాం వేయడం, ఎత్తడం మన తాతలకు కొత్త విద్య కాదు. తాండా అంటే మొదట ఊరు కాదు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సాగే బిడారు. నీళ్లు, మేత ఉన్న చోటు చూసి మకాం వేసేవాళ్లు. ఇంకాలు లామాల మీద బరువులు వేసి కొండదారుల్లో నడిపారు, దారి పొడవునా బస ఇళ్లు కట్టారు.

మరో పోలిక మన పక్కనే ఉంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చారు. స్పెయిన్ సైన్యాలు కుస్కోను పట్టుకున్నాక ఇంకా రాజులు విల్కబాంబ కొండల్లోకి వెళ్లి, 1572 దాకా నిలిచారు. రెండుచోట్లా రాజుల పేర్లు మిగిలాయి. వాళ్ల తిండిగింజలు కొండెక్కించిన వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. ఇప్పుడు మచుపిచ్చు దారిలో యాత్రికుల గుడారాలు మోసే కూలీల బరువుకు పెరూ ప్రభుత్వం హద్దు పెట్టింది. మోసేవాడి వీపుకూ లెక్క ఉండాలని అక్కడ చట్టం చెబుతోంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! హాస్టల్లో ఎవరైనా "మీది తాండానా?" అని అడిగితే తల దించుకునే పిల్లలు మనలో ఇంకా ఉన్నారు. ఆ మాటలో వందల ఏళ్ల నడక ఉంది. మన అవ్వాతాతలు ఉండగానే వాళ్ల దగ్గర కూర్చోండి. ఎద్దుకు బరువు ఎలా కట్టేవాళ్లో, వాన రాకముందు మకాం ఎక్కడికి మార్చేవాళ్లో అడిగి, మన గోర్ బోలిలోనే రాసిపెట్టుకోండి. వాళ్లు పోతే ఆ చదువు ఏ పుస్తకంలోనూ దొరకదు.

పెనుకొండ ఎక్కండి. నీళ్లు వెంట తీసుకుపోండి, రాళ్ల మీద పేర్లు చెక్కకండి, అనుమతి లేకుండా కోటలో రాత్రి ఉండకండి. పైనుంచి ఆ గోడలు చూసేటప్పుడు రాజును తలచుకోండి, బరువు మోసిన మనిషిని కూడా తలచుకోండి.

జై సేవాలాల్!