ఒకే బల్ల దగ్గర



ఎవరి జ్ఞాపకార్థం ఈ రోజు బాన్సువాడలో కూడుకున్నామో ఆ పంతులయ్య బతికి ఉంటే, నన్ను పరిచయం చేస్తూ ఇందాక చెప్పిన పొగడ్తల్లో సగం ఇక్కడే కొట్టేసేవారు. మిగతా సగం ఇంటికొచ్చి కొట్టేసేవారు.

పూడిక అంటే ఏమిటో ఈ ఊరికి నేను చెప్పనక్కర్లేదు. 1931లో కట్టడం పూర్తయిన నిజాంసాగర్‌లో మంజీర తెచ్చిపోసిన ఒండ్రు ఎంత లోతు తినేసిందో మీకే తెలుసు. పైనుంచి చూస్తే చెరువు నిండే ఉంటుంది. ఇచ్చకాలు మనిషికి చేసేదీ ఇదే.

బైబిల్లో అహాబు రాజు దగ్గర దాదాపు 400 మంది ప్రవక్తలు యుద్ధానికి వెళ్లమన్నారు. వద్దన్నవాడు మీకాయా ఒక్కడే. చెంపదెబ్బ తిన్నాడు, జైలుకెళ్లాడు. రాజు రామోత్గిలాదు నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ కథలో నా కన్ను ఎప్పుడూ మీకాయాను పిలవడానికి వెళ్లిన మనిషి మీదే ఉంటుంది. అందరూ మంచే చెప్పారు, నువ్వూ అదే చెప్పమని దారిలో సలహా ఇచ్చాడు. పాపం, అతనికి ఎవరి మీదా పగ లేదు. అలాంటి మర్యాదస్తులు మన కమిటీల్లో బోలెడంత మంది.

మీకాయాలా మాట్లాడినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో ఆసియావాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. వాళ్లలో ఒకరు వి. ఎస్. అజరయ్య. పుట్టుక తిరునెల్వేలి సీమ, సేవ నిజాం రాజ్యంలోని డోర్నకల్, వయసు 35. మిషనరీల త్యాగాలకు మనసారా కృతజ్ఞత చెప్పి, ఆ తర్వాత అసలు మాట అన్నారు: మీరు మాకు చాలా ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసే దేశీయుణ్ణి మిషనరీ తన ఇంట భోజనానికి పిలవడని వాళ్ల ముఖానే చెప్పారు. కొందరు నొచ్చుకున్నారు. అయినా 1912లో ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే.

నలుగురిలో ఎందుకనాలి, ముందు ఒంటరిగా చెప్పమని ప్రభువే అన్నాడు కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. నా మట్టుకు నాకు తోచేది, నలుగురిలో జరిగే తప్పుకు నలుగురిలోనే మాట పడాలి. అంతియొకయలో అన్యుల పంక్తి నుంచి పేతురు లేచిపోయినప్పుడు పౌలు అందరి ముందే నిలదీశాడు. అక్కడా గొడవ భోజనం దగ్గరే, ఎడిన్‌బరోలోనూ భోజనం దగ్గరే. పౌలు, అజరయ్య ఇద్దరూ అడిగింది ఒకటే: పక్కన కూర్చో.

అజరయ్య తెల్లవాళ్లను అని ఊరుకుంటే నేను ఇంతసేపు ఆయన గురించి చెప్పేవాణ్ణి కాదు. డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని, మన మాల, మాదిగ క్రైస్తవుల మధ్య ఉన్న ఎడం మీద కూడా అంతే గట్టిగా పోరాడారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడే నాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 నాటి ఆ కలయికతో డోర్నకల్, మెదక్ ఒకే సంఘమయ్యాయి. మన పల్లెల్లో పంక్తులు కలిశాయా? జవాబు మీకు తెలుసు, నాకూ తెలుసు.

ఇక పంతులయ్య సంగతి. నా మొదటి ప్రసంగంలో తాగేవాళ్లను ఉతికి ఆరేశాను. అందరూ భుజం తట్టారు. సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి, జొన్నరొట్టె తింటూ, అమ్మ లోపలికి వెళ్లేదాకా ఆగి అడిగారు: “మంచిగనే ఒర్రినవ్ బిడ్డా. వాళ్లింట్ల ఎప్పుడన్న అన్నం తిన్నవా?”

నాకు నోట మాట రాలేదు. ఆయన ఇంకో రొట్టె వేయించుకున్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వాళ్లలో ఒకరింటికి తీసుకెళ్లారు. ఆ ఇంటావిడ ఆయనకు మంచినీళ్లిచ్చి, నా వైపు చూసి కాసేపు ఆగింది. తర్వాత నాకూ ఇచ్చింది.