భుజానికి నచ్చిన బేస్ గిటార్

అరవై దాటాక సరదాకి బేస్ గిటార్ వాయించేవారికి ముందుగా మొరాయించేది భుజం, ఆ తర్వాత ఎడమచేతి వేళ్లు. 1951లో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు. బరువు ఇంచుమించు నాలుగు కిలోలు. షార్ట్ స్కేల్ రకంలో ఆ పొడవు 30 అంగుళాలే. దాంతో మొదటి మెట్టు వెడల్పు దాదాపు పావు అంగుళం తగ్గుతుంది. చిటికెన వేలికి ఆ పావు అంగుళమే పెద్ద వరం! మంద్రంలో బిగువు కాస్త తగ్గే మాట నిజమే గానీ, ఇంట్లో వాయించుకునేవారికి అదో లెక్కా? పాల్ మెకార్ట్‌నీ వయొలిన్ ఆకారపు హోఫ్నర్ బేస్ లోపల డొల్ల, అందుకే తేలిక. ఎనభై దాటినా ఆయన దాన్ని వదల్లేదు.

కొనేముందు పట్టీ తగిలించుకుని, నిలబడి అరగంట వాయించి చూడండి. గిటార్ మెడ కిందికి వాలుతోందంటే, బరువెంత తక్కువైనా ఎడమచెయ్యి దాన్ని మోస్తూనే ఉండాలి. అలాంటిది కొనకండి.