నాలుగు ఊళ్లు, నలుగురు మనుషులు
(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వక్తను కాను. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లలో పనిచేస్తున్న ఇంజనీర్ని. సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పోయినేడాది ఒక్కడివే యూరప్ తిరిగొచ్చావటగా. మనవాళ్ల పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు. ఎలా ప్లాన్ చేసుకోవాలో ఓ పదిహేను నిమిషాలు చెప్పు" అన్నారు. సరే అన్నాను. కానీ ఆ ప్లాన్‌లో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదంతా మీకు ఏ ట్రావెల్ ఏజెంటైనా చెబుతాడు.

అప్పటికి నాకు యాభై నాలుగు నిండాయి. ఒక్కణ్ణే విమానం ఎక్కింది లేదు. ఆఫీసు పనికెళ్తే ఆఫీసువాళ్లు, తీర్థయాత్రకెళ్తే మా ఆవిడ, అన్నీ ఎవరో ఒకరు చూసుకునేవాళ్లు. ఈసారి మా ఆవిడ రాలేని పరిస్థితి. మా అమ్మ మంచంలో ఉంది. "ఇద్దరం కదల్లేం. మీరు వెళ్లండి, తర్వాత నా వంతు" అంది. ఒంటరి ప్రయాణం అని పేరేగానీ, ఇంట్లో ఒక మనిషి నా బరువు కూడా మోస్తేనే నేను గడప దాటాను. ఆ వంతు నేనింకా బాకీ ఉన్నాను.

నా మొదటి ప్లాన్ వినండి. పన్నెండు రోజులు, తొమ్మిది ఊళ్లు. పారిస్, రోమ్, వెనిస్, స్విట్జర్లాండులో మంచుకొండ, అన్నీ ఉన్నాయి. గంట గంటకీ లెక్క వేసి పెద్ద పట్టిక తయారుచేశాను. మా అమ్మాయి అది చూసి, "బావుంది నాన్నా. మనుషుల్ని చూడ్డానికి వెళ్తున్నానన్నావుగా, వాళ్లెక్కడున్నారు ఇందులో?" అంది. చూసుకుంటే నిజమే. మనుషులు రాత్రి తొమ్మిదింటికి భోజనం అన్న గడిలో ఉన్నారు.

ఆ కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం మీద ఊళ్లు కాకుండా మనుషుల్ని రాశాను. నలుగురు తేలారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా బ్యాచ్ కబడ్డీ కెప్టెన్. మ్యూనిక్‌లో నా బెంచీ స్నేహితుడు. వియన్నాలో ఒక ఆస్ట్రియా ఇంజనీరు. 1999లో మా సబ్‌స్టేషన్ కమిషనింగ్‌కి వచ్చి, రెండు నెలలు మాతో గోంగూర తిన్నాయన, ఇప్పుడు రిటైరయ్యారు. నాలుగోవారు ఇప్పుడు ఈ వేదిక మీదే ఉన్న మన ఫిజికల్ సైన్సు మాష్టారు. అప్పుడు నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ అనే ఊళ్లో అమ్మాయిగారింట్లో ఉన్నారు.

లండన్లో కూడా ఒక తమ్ముడున్నాడు, మన బడివాడే. బ్రిటన్‌కి వేరే వీసా కావాలి. దానికీ దీనికీ కలిపి అప్పుడు నాకు ఓపిక లేకపోయింది. అలిగాడు. వాడి అలక న్యాయమే.

ఇక తేదీలు. ప్రాజెక్టుల్లో మేం క్రిటికల్ పాత్ అంటాం. ఏ పని జరిగితే తప్ప మిగతావి కదలవో, దాన్ని ముందు పట్టుకోవడం. నా ప్రయాణంలో అది మాష్టారి వీసా. షెంగెన్ దేశాలు 29. వాటన్నిట్లో కలిపి, చూడ్డానికి వెళ్లినవాళ్లు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. మాష్టారు ఏప్రిల్ మధ్యలో వెళ్లారు, జూలై మధ్యకల్లా వచ్చెయ్యాలి. కాబట్టి నేను వెళ్తే ఆలోపే వెళ్లాలి.

రెండోది, ఆతిథ్యమిచ్చేవాళ్ల తీరిక. అక్కడ పనిమనిషి ఉండదు, వంట, పిల్లలు, ఆఫీసు అన్నీ వాళ్లే. మనం సెలవు పెట్టుకుని వెళ్తాం, వాళ్లకి సెలవుండదు. అందుకని మన క్యాలెండరుతో పాటు వాళ్ల క్యాలెండరూ దగ్గర పెట్టుకోవాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. షాపింగుకి వెళ్లేవాళ్లకి అది నష్టం, మనిషిని చూడబోయేవాడికి లాభం. అందుకే కెప్టెన్‌కి శని ఆదివారాలు ఇచ్చాను. 2025 మే 29 గురువారం క్రీస్తు ఆరోహణ పండగ, అక్కడ సెలవు. ఆ రోజు మ్యూనిక్‌లో ఉండేలా చూసుకున్నాను. రిటైరైన ఇద్దరికీ ఏ రోజైనా ఒకటే.

అలా తేలింది ఇది. మే 23న ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ మూడు రాత్రులు. మ్యూనిక్ నాలుగు. వియన్నా రెండు. అక్కణ్ణుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకి నెదర్లాండ్స్. ఐండ్‌హోవెన్ నాలుగు. జూన్ 6న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వెనక్కి. వెళ్లిన ఊరినుంచే తిరిగి రావాలని లేదు. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో ఎక్కేలా టికెట్ తీసుకుంటే ఒక రోజు కలిసొస్తుంది.

వీసా గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. నాకు జర్మనీలో ఏడు రాత్రులు, అందుకని జర్మనీ. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ దరఖాస్తు పెట్టొచ్చు. చివరి గడువు పదిహేను రోజుల ముందు, కానీ అంతదాకా ఆగితే అపాయింట్‌మెంటే దొరకదు. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, షెంగెన్ దేశాలన్నిట్లో చెల్లాలి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లేలా ఉండాలి. బ్యాంకు లెక్కలు, ఆదాయపన్ను కాగితాలు, సెలవు మంజూరు కాగితం పెట్టాలి. నాలాంటి ఉద్యోగులకి శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కూడా కావాలి. అన్నిటికంటే ముందు దానికి దరఖాస్తు పెట్టండి. ఫైలు ఏ బల్లమీద నిద్రపోతుందో మనకు తెలీదు.

రైళ్లకి పాసు కొనాలా, విడి టికెట్లా అని వారం రోజులు లెక్కలు వేశాను. చాలా ఊళ్లు తిరిగేవాళ్లకి పాసు నయం. నాకున్నవి నాలుగైదు ప్రయాణాలే, విడిగా కొన్నాను. ముందే కొంటే చవక. కానీ ఆ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది, మరిచిపోకండి.

సామాను సంగతి. మాంసం, పాల పదార్థాలు మనం పట్టుకెళ్లకూడదు. కోడి పచ్చడి, పాలకోవా, నెయ్యి సీసా మా ఆవిడ సర్దితే నేను తీశాను. ఆవకాయ, కందిపొడి వెళ్లాయి. బీపీ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకున్నాను. అందరి చిరునామాలు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయినరోజు ఆ కాగితమే నన్ను ఇంటికి చేర్చింది.

ఇవన్నీ తేలిక. ఈ ప్లాన్‌లో కష్టమైన పని ఒక్కటే, మ్యూనిక్‌కి ఒక మెసేజ్ రాయడం.

వాడి అనుమతితోనే చెబుతున్నాను. 2003లో వాళ్ల నాన్నగారు మన ఊళ్లో పోయారు. వాడు జర్మనీలో ఉన్నాడు, సమయానికి రాలేడు. నాకు ఫోన్ చేసి, "నువ్వెళ్లి నిలబడరా, నేనున్నట్టుంటుంది" అన్నాడు. నేనున్నది అరవై కిలోమీటర్ల దూరంలో. మర్నాడు సబ్‌స్టేషన్ చార్జింగ్. అది అయ్యాక వెళ్దామనుకున్నాను. వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత వాడు నాకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఇరవై రెండేళ్లు.

మెసేజ్ నాలుగుసార్లు రాసి చెరిపేశాను. చివరికి, "మే 26 నుంచి నాలుగు రోజులు మ్యూనిక్‌లో ఉంటాను. హోటల్లో దిగుతాను. నీకు వీలైతే చూడాలని ఉంది" అని పంపాను. పదకొండు రోజులు జవాబు లేదు. తర్వాత రెండు మాటలొచ్చాయి. "ఏ రైలు?"

ఫ్రాంక్‌ఫర్ట్‌లో కెప్టెన్ ఇంట్లో శని ఆదివారాలు పెళ్లిల్లులా గడిచాయి. పిల్లలకి మన బడి గ్రూపు ఫొటో చూపించి, మీ నాన్న ఎవరో చెప్పమంటే చెప్పలేకపోయారు. నిక్కరుతో ఉన్న నాన్నని వాళ్లెప్పుడు చూశారు కనక!

మ్యూనిక్ రైలు యాభై నిమిషాలు ఆలస్యమైంది. వెళ్లిపోయుంటాడనుకున్నాను. ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. "ఏరా" అన్నాడు. అంతే. మొదటి రెండు రోజులు సాయంత్రాలు వచ్చి కలిశాడు. ఉద్యోగాల గురించి, షుగరు గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం, అసలు విషయం తప్ప.

గురువారం సెలవు. ఈజార్ నది మధ్య లంకలో పెద్ద సైన్సు మ్యూజియం ఉంది, డాయిచెస్ మ్యూజియం. పొద్దున్నే వెళ్లి రోజంతా చూడాలని నా పట్టికలో రాసుంది. వెళ్లలేదు. నది గట్టున కూర్చున్నాం. నేను క్షమించమని అడగబోతే ఆపేశాడు. "నువ్వెళ్తే మా నాన్న లేచొచ్చేవాడు కాదురా. ఎవరెవరు వచ్చారు, ఎవరు మోశారు, దారిలో ఎక్కడ దించారు, ఎవరూ నాకు వివరంగా చెప్పలేదు. నువ్వుంటే చెప్పేవాడివి. అదీ నా బాధ" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం వాడే హోటల్‌కొచ్చి నా పెట్టె తీసుకుని ఇంటికి నడిచాడు. చివరి రాత్రి గది డబ్బులు దండగయ్యాయి. కానివ్వండి.

వియన్నాలో ఇంజనీరుగారు శనివారం మూడున్నరకి కాఫీకి రమ్మని నెల ముందే రాశారు. అయిదు నిమిషాల ముందు వెళ్లి గుమ్మం బయట నిలబడి, సరిగ్గా మూడున్నరకి గంట కొట్టాను. ఆయన గోంగూర ఉందా అని అడిగారు. ఉంది, సీసాతో. మర్నాడు 71వ నంబరు ట్రాములో పెద్ద శ్మశానానికి తీసుకెళ్లి, బోల్ట్‌జ్‌మన్ అనే శాస్త్రవేత్త సమాధి చూపించారు. ఆయన కనిపెట్టిన ఎంట్రోపీ సూత్రం రాతి మీద చెక్కి ఉంది.

ఐండ్‌హోవెన్‌లో మాష్టారు స్టేషనుకే వచ్చారు, మఫ్లరు చుట్టుకుని, జూన్ నెలలో. 1891లో ఫిలిప్స్ వాళ్లు బల్బులు మొదలుపెట్టిన ఊరది. ఆ పాత ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం. నన్ను తీసుకెళ్లి, ఫిలమెంటు ఎందుకు వెలుగుతుందో మళ్లీ పాఠం చెప్పారు. ఇన్నేళ్లు కరెంటు శాఖలో చేశానని గుర్తుచేస్తే, "అయితే చెప్పు చూద్దాం" అన్నారు. రాత్రి తొమ్మిదిన్నరయినా వెలుతురు పోని ఊళ్లో కాలవ గట్టున నడుస్తూ ఆయనకు మ్యూనిక్ సంగతంతా చెప్పాను. మాష్టారు కాసేపాగి, "ఆ వీధిలో అప్పటివాళ్లు ఇంకా కొందరున్నారు కదరా" అన్నారు.

ప్లాన్‌లో నా తప్పు అప్పుడు తెలిసింది. వీసాకి ఆరు నెలలు తిరిగాను. రైళ్లకి వారం లెక్కలేశాను. నేను చూడబోయే మనిషికి నా దగ్గర్నుంచి ఏం కావాలో ఒక్కరోజు ఆలోచించలేదు. దానికి వీసా అక్కర్లేదు. మన ఊరి వీధికి వెళ్తే చాలు.

తిరిగొచ్చిన వారానికి వెళ్లాను. ఎదురింటి మామ్మగారు, కిరాణా కొట్టాయన, ఆ రోజు భుజం పట్టినవాళ్లలో మిగిలిన ఇద్దరు చెప్పారు. ఎవరెవరు మోశారో, దింపుడుకళ్లం దగ్గర ఎవరు చెవిలో పిలిచారో, వాన ఎప్పుడు పట్టిందో అన్నీ రాసుకున్నాను. మూడు పేజీలైంది. చేత్తోనే రాసి పోస్టులో పంపాను. అందిందని వాడు ఫోన్ చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పెట్టెయ్యనూ లేదు.

అందుకని వెళ్లబోయేవాళ్లకి నా సలహా ఇంతే. ముందు మనుషుల జాబితా రాయండి. ఒక ఊరికి కనీసం మూడు రాత్రులివ్వండి. వాళ్ల సెలవులు చూడండి. ప్రతి ఊళ్లో ఒక పూట ఏమీ పెట్టుకోకుండా వదిలెయ్యండి. అసలు మాటలు ఆ ఖాళీలోనే వస్తాయి. బయల్దేరే ముందు ప్రతి పేరు పక్కనా, ఈ మనిషికి నేను ఏం పట్టుకెళ్లాలి అని రాసుకోండి. ఆవకాయ ఒక్కటే కాకపోవచ్చు.

సంఘానికి ఒక మనవి. దూరదేశాల్లో ఉన్న మనవాళ్లు ఈ ఊళ్లో ఏదైనా తెలుసుకోవాలన్నా, ఎవరినైనా ఓసారి చూసిరమ్మని అడగాలన్నా, అడగడానికి ఒక మనిషుండాలి. బ్యాచ్‌కి ఒకరం ముందుకొద్దాం. మా బ్యాచ్‌కి నా పేరు రాసుకోండి. ఈసారి చార్జింగ్ ఉన్నా వెళ్తాను.

లండన్ తమ్ముడు ఈ సభకి వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. వీసా ఖర్చు మిగిల్చాడు. కిందికి దిగి వాణ్ణి పలకరించాలి.